గాల్లో తేలే లంకలు, పడవ నడిపే అమ్మాయి: సీన్‌లోదే అయిన మనిషిని ఎలా తయారు చేయాలి?

లంకపొలం:
అందరికీ నమస్తే. మాది తాడేపల్లి. బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫాంటసీ సీన్ చేస్తున్నా. మన కృష్ణే, కానీ బ్యారేజీ దాటాక నీళ్లు సముద్రం వైపు పోకుండా పైకి లేస్తాయి, లంకలన్నీ ఆ పాయల మధ్య గాల్లో తేలుతుంటాయి. అరటి తోటలు, రెల్లు, ఇసుక తిన్నెలు అన్నీ మామూలే. వెనక ఇంద్రకీలాద్రి మసకగా, నిజం బ్యారేజీ కంటే పెద్దదైన పాడుబడ్డ బ్యారేజీ ఒకటి. లాండ్‌స్కేప్ వరకు నాకు నచ్చింది, మనిషి దగ్గర ఆగిపోయా. జనాన్ని లంక నుంచి లంకకి దాటించే పడవ అమ్మాయి కావాలి. డాజ్ అనే ఇంకో 3డీ సాఫ్ట్‌వేర్ నుంచి జెనెసిస్ 9 అనే రెడీమేడ్ మనిషి ఫిగర్ తెచ్చి ముందున్న ఇసుక మీద నిలబెట్టా, కెమెరా 1.6 మీటర్ల ఎత్తులో ఉంది. ఎంత చేసినా అతికించినట్టే ఉంది. ఇంకో బాధ ఏంటంటే ఆ మొహం నెట్‌లో వందల రెండర్లలో, అంటే సాఫ్ట్‌వేర్ తీసిచ్చే ఆఖరి బొమ్మల్లో, కనపడే మొహమే, అదే దవడ, అదే పెదాలు, అదే చూపు. మొహం మార్చే స్లైడర్లు ఎంత తిప్పినా ఆమె చెల్లెలో అక్కో వస్తోంది తప్ప వేరే మనిషి రావట్లేదు. నా సీన్‌లో పుట్టిన మనిషి కావాలి నాకు. ఎక్కడ మొదలుపెట్టాలి? రెండర్ కింద పెట్టా, మొహమాటం లేకుండా చెప్పండి.

పటమట_పిక్సెల్:
చూశా. అతికించినట్టు ఉండటం ముందు తేల్చేద్దాం, అది లెక్కల వ్యవహారం. కెమెరా 1.6 మీటర్లంటే దాదాపు నిలబడిన మనిషి కంటి ఎత్తు. అలాంటప్పుడు చదును నేల మీద దగ్గరున్నా దూరమున్నా అదే ఎత్తు మనుషులందరి కళ్లూ హొరైజన్ గీత మీదికే రావాలి. నీ అమ్మాయి కళ్లు గీతకి బాగా కింద ఉన్నాయి, అందుకే ఆమె చిన్నపిల్ల అనిపిస్తోంది, లేదంటే గుంటలో నిలబడిందనిపిస్తోంది.

తర్వాత స్కేల్ చూడు. డాజ్‌లో యూనిట్ సెంటీమీటరు, బ్లెండర్‌లో మీటరు. తెచ్చేటప్పుడు అది సరిగా మారకపోతే, కెమెరాని జరిపి కంటికి సరిపెట్టుకున్నా చర్మం మాత్రం పట్టిస్తుంది. సబ్‌సర్ఫేస్ అంటే వెలుతురు చర్మంలోపల కొంత దూరం పాకి బయటికి రావడం, ఆ దూరం అసలు కొలతలో ఉంటుంది. ఫిగర్ ఉండాల్సినదానికంటే చిన్నదైతే మైనపు బొమ్మలా, పెద్దదైతే రాయిలా వస్తుంది. ఆ దూరాన్ని పెట్టే రేడియస్‌లో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ తక్కువ, నీలం ఇంకా తక్కువ ఉండాలి. ఎదురెండలో చెవి తమ్మె ఎర్రగా వెలిగేది అందుకే.

అన్నిటికంటే పెద్ద సమస్య లైటింగ్. లాండ్‌స్కేప్‌కి ఒక హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న వెలుతురునంతా ఇచ్చే ఫోటో), అమ్మాయికి విడిగా స్టూడియోలో పెట్టినట్టు మూడు లైట్లు. ఆ మూడూ తీసెయ్. ఒక్క సూర్యుడు, ఒక్క ఆకాశం, ఇద్దరికీ అవే. సన్ యాంగిల్ అర డిగ్రీకి కాస్త ఎక్కువ ఉంచు, నిజం సూర్యుడు మనకి అంతే వెడల్పు కనపడతాడు, నీడ అంచులు సరిపోతాయి.

గాలిగోపురం:
పిక్సెల్ అన్నా, దీనికి ఇంకోటి కలుపుతా. ఇసుక మీద నిలబడ్డ మనిషికి కింద నుంచి కూడా వెలుతురు వస్తుంది. ఎండ పొద్దున సీతానగరం ఘాట్ వైపు ఇసుకలో నిలబడ్డవాళ్ల గడ్డం కింద, ముక్కు కింద చూడండి. చీకటి ఉండాల్సిన చోట లేత పసుపు వెచ్చదనం ఉంటుంది. ఆకాశం వైపు తిరిగిన నీడలేమో కాస్త నీలంగా. ఈ రెండూ ఒకే మొహం మీద కనపడితే మనిషి ఆ నేల మీద ఉన్నట్టు కన్ను నమ్మేస్తుంది. ఇసుక రంగు మరీ ముదురుగా పెట్టుకుంటే ఆ వెలుతురు లేవదు, అది కూడా చూసుకో. పాదాల కింద కూడా చూడు చెల్లీ, నీ అమ్మాయి ఇసుక మీద ఆగింది, ఇసుకలో దిగలేదు. మడమ దగ్గర కాస్త గుంట, వేళ్ల ముందు కాస్త తోసుకొచ్చిన ఇసుక పెట్టు.

బ్రాడీపేట_బ్రష్:
అమ్మాయ్, వీళ్లు చెప్పినవన్నీ చెయ్యి, అవసరమే. కానీ అవన్నీ సరిచేశాక కూడా ఆమె ఎవరో నీకు తెలియకపోతే చక్కగా వెలుతురు పడ్డ ఖాళీ మనిషి మిగులుతుంది. నేను గుంటూరులో సినిమా కటౌట్లు, గోడల మీద ప్రకటనలు రాసిన కాలం నుంచి వచ్చినవాణ్ణి, కంప్యూటర్ తర్వాత నేర్చుకున్నా. పరికరం మారినా ఈ సంగతి మారలేదు.

నువ్వు మొహం దగ్గర మొదలుపెట్టావు. నేనైతే నది దగ్గర మొదలుపెడతా. నీ నది గాల్లో ఉంది కదా, దానికి అడుగు ఉందా? అడుగు ఉంటే గెడ వేస్తుంది, లేకపోతే తెడ్డు వేస్తుంది. గెడ వేసే మనిషి ఒళ్లు వేరు, తెడ్డు వేసే మనిషి ఒళ్లు వేరు. గెడ అంటే నిలబడి, ఒళ్లంతా వాల్చి తొయ్యాలి, నడుము, పిక్కలు, పాదాలు పని చేస్తాయి. తెడ్డంటే కూర్చుని లాగాలి, వీపూ భుజాలూ పెరుగుతాయి. ఎప్పుడూ ఒకే పక్కన నిలబడి గెడ వేస్తే రెండు భుజాలూ ఒక్క తీరున ఉండవు. అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గర కాయలు కాస్తాయి. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా పడవ అంచు మీద నిలబడ్డ పాదంలో వేళ్లు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. నీ ఫిగర్ పాదం చూడు, వేళ్లన్నీ దగ్గరికి వచ్చి ఉన్నాయి, అది ఎప్పుడూ బూట్లలో ఉన్న పాదం. ఇసుకలో దిగినా లాభం లేదు.

ఇక కళ్లు. రోజంతా నీటి తళుకులోకి చూసే మనిషి కళ్లు చికిలిస్తూనే ఉంటుంది, పాతికేళ్లకే కంటి చివర గీతలు పడతాయి. చికిలించినప్పుడు మడత లోపలికి ఎండ పోదు. అందుకని మొహం మామూలుగా పెట్టినప్పుడు ఆ గీతల అడుగు చుట్టూ ఉన్న చర్మం కంటే లేతగా కనపడుతుంది. కృష్ణలో వల వేసేవాళ్లని దగ్గర నుంచి చూస్తే నీకే తెలుస్తుంది. ఆ లేత గీతలు ఏ స్లైడర్‌లోనూ దొరకవు, నువ్వే చేత్తో వెయ్యాలి. నువ్వు అడిగిన సొంత మొహం అక్కడ మొదలవుతుంది.

పటమట_పిక్సెల్:
బాబాయ్ గారూ, మీ మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, ఫైనల్ ఇమేజ్ 3840 పిక్సెళ్ల వెడల్పు, అందులో ఆ అమ్మాయి 150 పిక్సెళ్ల ఎత్తుంటే ఎక్కువ. అంటే తల 20 పిక్సెళ్లు. కంటి చివర గీత ఎవరికి కనపడుతుంది? కొత్తవాళ్లు ఇలాంటి వాటి మీద నెలలు పెట్టి అసలు సీన్ పూర్తి చేయకుండా వదిలేస్తున్నారు, చూస్తున్నా కాబట్టి చెప్తున్నా. దూరం నుంచి కనపడేది నీడ ఆకారం, నిలబడ్డ తీరు, రంగు మచ్చ. ఈ మూడింటి మీద టైమ్ పెట్టమంటా.

బ్రాడీపేట_బ్రష్:
గీత కనపడదు, ఒప్పుకుంటా. కానీ నిలబడ్డ తీరు అన్నావు చూడు, అది ఎక్కడి నుంచి వస్తుంది బాబూ? ఆమె ఒంటికి ఏ పని అలవాటో తెలిస్తేనే కదా.

అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు పలక ఉంది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుండ్రటి పలక. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తోంది, అదే ఏనుగు ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఆ కొద్ది జాగాలోనే పారిపోయేవాళ్లు, పక్కవాళ్లని పట్టుకుని వేలాడేవాళ్లు, పై నుంచి కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లు. మొహాలు చిన్నవి, సున్నపురాయి అరిగిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. అయినా ఎవరు భయపడుతున్నారో, ఎవరు వేడుక చూస్తున్నారో వీపు చూసి చెప్పొచ్చు. నువ్వు చెప్పే నీడ ఆకారం అదే. ఆ శిల్పి ప్రతి మనిషికీ అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకుని చెక్కాడు కాబట్టే అంత చిన్న బొమ్మ కూడా మాట్లాడుతోంది.

పటమట_పిక్సెల్:
ఆ పలక ఫోటో ఇప్పుడే తీసి చూశా. నిజమే, పై వరసలో కిటికీ లోంచి వంగిన వాళ్లని చూస్తే మొహం అక్కర్లేదు. సరే, నా మాట ఇలా మార్చుకుంటా: ముందు పని, దాని నుంచి పోజు, ఆ తర్వాత దూరాన్ని బట్టి డీటెయిల్. కానీ క్లోజప్ బొమ్మ ఒకటి వేరే వేస్తేనే కాయలు, గీతలు.

లంకపొలం:
క్లోజప్ కూడా వేస్తా అన్నా, ఆమె ఒక్క సీన్‌కి కాదు, వరసగా కొన్ని సీన్లలో రావాలి. అందుకే మొహం గురించి అంత బాధ.

కొండపల్లి_పొణికి:
మా వైపు బొమ్మల సంగతి చెప్పనా. తెల్ల పొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మల్లో మొహాలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి, గుండ్రంగా, పెద్ద కళ్లతో. అయినా కల్లు గీసేవాడెవరో, దంచే ఆవిడెవరో ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. చేతిలో వస్తువు, నడుము వంపు, తలపాగా కట్టు చాలు. కాబట్టి లంకపొలం గారూ, మొహం వదిలేసి ముందు ఆమె చేతిలో ఏముందో, నడుముకి ఏం దోపుకుందో రాసుకోండి. పడవ మనిషి దగ్గర తాడు ఉంటుంది, నీళ్లు తోడే డబ్బా ఉంటుంది, దాటించినందుకు తీసుకునేది ఏదో ఉంటుంది. మీ లోకంలో డబ్బులున్నాయా? లేకపోతే జనం ఏం ఇచ్చి దాటుతారు? ఆ ఇచ్చింది ఆమె ఒంటి మీదో పడవలోనో కనపడాలి.

మిర్చియార్డ్:
బట్టల గురించి నేను చెప్తా. ఫాంటసీ అనగానే తోలు కవచం, మెటల్ బెల్టు, మోకాళ్ల దాకా బూట్లు తొడిగేస్తున్నారు మనవాళ్లు. అవి చలి దేశాల కథల నుంచి వచ్చిన బట్టలు. మే నెల బెజవాడ ఎండలో, నీళ్ల మీద, తోలు తొడుక్కుని ఎవరూ గెడ వెయ్యలేరు. మా గుంటూరు పక్క మిరపకోతకి వచ్చే ఆడవాళ్లని చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు, ఘాటు ఎక్కకుండా ముక్కుకి గుడ్డ. ఇది ఎవరో డిజైన్ చేసింది కాదు, ఎండ, కారం, మంట కలిసి తయారు చేసిన డ్రెస్సు. ఎక్కడ చూసినా ఇది మిరపకోత అని తెలిసిపోతుంది. మీ పడవ అమ్మాయికి కూడా అలాంటిదే కావాలి. నీళ్లలో దిగాలి కాబట్టి చీర గోచీ పోసి మోకాళ్ల పైకి కడుతుంది. గాల్లో తేలే నది అంటే గాలి ఎక్కువ, పైట ఎగరకుండా నడుముకి బిగించి దోపుతుంది. పై నుంచి నీటి తుంపర పడుతుందా? అయితే తలకి ఏదో కప్పుకుంటుంది. ఆమె వేసుకున్న ప్రతి గుడ్డకీ మీ లోకంలో ఒక కారణం దొరకాలి.

గాలిగోపురం:
మిర్చియార్డ్ అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేత గుడ్డ అయితే క్లాత్ సిమ్యులేషన్‌లో (గుడ్డ ఎలా కదులుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టడం) బెండింగ్ స్టిఫ్‌నెస్, అంటే మడతపడని బిగువు, పెంచు చెల్లీ, మా మంగళగిరి కాటన్ పట్టులా జారదు, మడత పెట్టిన చోట మడత నిలబడుతుంది. తడిసిన భాగం మాత్రం విడిగా చూసుకోవాలి: రంగు ముదురవుతుంది, బరువెక్కి పిక్కలకి అంటుకుంటుంది. గోచీ కట్టు మొత్తం సిమ్యులేట్ చేయాలంటే మెషిన్ ఏడిపిస్తుంది, నడుము చుట్టూ, వెనక దోపు చేత్తో మోడల్ చేసేసి వేలాడే చెంగుకి మాత్రం సిమ్యులేషన్ పెట్టు.

బెజవాడ_బైట్:
ఇంత కష్టం ఎందుకు, ఏఐకి నాలుగు లైన్లు రాస్తే మొహం ఇచ్చేస్తుంది కదా? గెడ, గోచీ అన్నీ రాసి ఇస్తే సరి. సీరియస్‌గానే అడుగుతున్నా.

లంకపొలం:
నేను ప్రయత్నించా అండీ. బొమ్మ అందంగానే వచ్చింది. కానీ గోచీ కట్టు అని ఎంత రాసినా మామూలు కుచ్చిళ్ల చీరే వచ్చింది, లేదంటే సల్వార్ లాంటిది. పడవ అంచున పాదం ఎలా ఆనిందో అడిగితే ఏ సమాధానమూ లేని పాదం. ఇంకో సీన్‌లో అదే అమ్మాయి కావాలంటే దగ్గరగా వస్తుంది గానీ ఆమె కాదు. ఇవి సరిచేసే మార్గాలు ఉండే ఉంటాయి, చేసేవాళ్లని తప్పుపట్టను. నాకు మాత్రం ఆమె ప్రతి గీత ఎందుకుందో తెలియాలి.

బెజవాడ_బైట్:
అర్థమైంది. అయితే మొహం ఎలా చేస్తారో నేనూ చూస్తా, చెప్పండి.

గాలిగోపురం:
మొహానికి నేను చేసే పద్ధతి చెప్తా. మేక్‌హ్యూమన్ అని మనుషుల మోడల్స్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీ, బ్లెండర్ లోపలే వాడుకోడానికి ఎంపీఎఫ్‌బీ అని యాడాన్ ఉంది, బయటికి తీసుకున్న మోడల్ సీసీ0 (ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే లైసెన్సు) కింద వస్తుంది కాబట్టి బొమ్మలు అమ్ముకోడానికి టెన్షన్ లేదు. కానీ ఒక సంగతి: అందులో జాతి స్లైడర్లు మూడే, ఆఫ్రికన్, ఏషియన్, కకేషియన్. ఆ ఏషియన్ అంటే చైనా, జపాన్ వైపు మొహం. మన మొహం ఆ మూడింటిలో దేనిలోనూ లేదు. మూడూ సమంగా పెడితే ఎవరూ కాని సగటు మొహం వస్తుంది. అందుకని వాటిని ఒక మాదిరిగా పెట్టేసి వదిలెయ్, అసలు పని విడివిడి స్లైడర్లలో చెయ్: ముక్కు దూలం, ముక్కుపుటాల వెడల్పు, పై పెదవికీ ముక్కుకీ మధ్య దూరం, కింది కంటిరెప్ప బరువు, చెవి నిలబడ్డ తీరు. చెవిని ఎవరూ పట్టించుకోరు, కానీ మనిషిని గుర్తుపట్టేలా చేసేవాటిలో అదొకటి.

సిమెట్రీ ఆపేయడం మరిచిపోకు. డిఫాల్ట్ మొహం రెండు సగాలూ ఒకటే, మన కన్ను దాన్ని పట్టేస్తుంది. ఒక కనుబొమ కొంచెం పైకి, నవ్వితే ఒక పక్కకే లాగే పెదవి, కాస్త వంగిన ముక్కు. కొంచెమే చాలు.

ఏ స్లైడర్ ఎటు తిప్పాలో తెలియాలంటే మనుషుల్ని చూడాలి. విజయవాడ బస్టాండులో కూర్చుని పెన్సిల్‌తో గబగబా గీసుకుంటా నేను. మచిలీపట్నం, తిరువూరు, ఏలూరు, గుంటూరు బస్సుల జనం అంతా అక్కడ కనపడతారు. ఒకరి ముక్కు, ఇంకొకరి దవడ, వేరొకరు సంచి మోసే తీరు. ఏ ఒక్కరినీ పూర్తిగా దించను. ఫోన్‌తో దొంగచాటుగా ఫోటోలు మాత్రం తియ్యకు, ముఖ్యంగా ఆడవాళ్లవి. కావాలంటే అడిగి తియ్యి, వద్దంటే నమస్కారం పెట్టి పక్కకి రా.

మిర్చియార్డ్:
హీరోయిన్ల మొహాల నుంచి కూడా ముక్కలు తీసుకోవద్దు. ఎంత దాచినా జనం పేరు పెట్టి పిలిచేస్తారు, ఇక ఆ అమ్మాయి మీ లంకలో ఉండదు.

చర్మం రంగు గురించి ఒకటి. తెల్ల చర్మం టెక్స్చర్ (మోడల్ మీద చుట్టే చర్మం బొమ్మ) తీసుకుని పైన గోధుమ రంగు మల్టిప్లై చేసేస్తే బూడిద కొట్టిన మొహం వస్తుంది. చామనఛాయ మొహంలో బుగ్గల ఎరుపు అంత పైకి కనపడదు, మెరుపు మాత్రం బాగా కనపడుతుంది, నుదురు మీద, ముక్కు దూలం మీద, చెమట పట్టిన పై పెదవి మీద. అందుకని రంగుతో పాటు చర్మం ఎక్కడ ఎంత మెరవాలో చెప్పే రఫ్‌నెస్ మ్యాప్ మీద టైమ్ పెట్టండి. ఒళ్లంతా ఒకే రంగు కూడా పెట్టొద్దు. రవిక చేతి అంచు దాకా ముదురు, లోపల లేత. పెదాల చుట్టూ, కంటి కింద, వేలి కణుపుల మీద ముదురు. అరచేతులు, అరికాళ్లు లేత.

లంకపొలం:
ఇప్పటి దాకా తేల్చుకున్నవి రాస్తా, సరిపోయిందో లేదో చెప్పండి. నదికి అడుగు ఉంది, ఇసుకే, కానీ ఆ ఇసుక కూడా కదులుతూ ఉంటుంది కాబట్టి గెడ ఎక్కడ ఆనుతుందో ప్రతిసారీ వెతుక్కోవాలి. అందుకని ఆమె ఎప్పుడూ కళ్లతో కంటే పాదాలతో, చేతులతో వింటుంది, తల కొంచెం పక్కకి వాల్చి ఉంటుంది. కుడి పక్కన నిలబడి గెడ వేస్తుంది, కుడి భుజం కాస్త కిందికి. ఆ లోకంలో డబ్బు లేదు, దాటినవాళ్లు తాము వచ్చిన లంక మట్టి పిడికెడు ఇస్తారు, గాల్లో తేలే చోట మట్టికే విలువ. ఆమె నడుముకి చిన్న చిన్న గుడ్డ మూటలు, ఒక్కొక్కటి ఒక్కో రంగు మట్టితో మరకపట్టి. వయసు ముప్పై దాటింది, అమ్మాయి అంటూ వచ్చా గానీ ఇప్పుడు ఆమె నాకు అక్క వయసులో కనపడుతోంది. విడి లైట్లు తీసేశా, స్కేల్ సరిచేశా, హొరైజన్ మీదికి కళ్లు వచ్చాయి. కొత్త రెండర్ కింద ఉంది.

కొండపల్లి_పొణికి:
మట్టి మూటలు అద్భుతం అండీ. ఎర్ర మట్టి, నల్ల రేగడి, తెల్ల ఇసుక, మన జిల్లాల్లో ఉన్నవే చాలు. ఎన్ని మూటలున్నాయో అన్ని లంకలు చూసిన మనిషి అని అర్థమైపోతుంది.

పటమట_పిక్సెల్:
చాలా మారింది. ఇప్పుడు ఆమె లేకుండా సీన్ ఖాళీగా అనిపిస్తోంది. రెండు చిన్నవి. వెనక పాడుబడ్డ బ్యారేజీ నిజం బ్యారేజీ కంటే పెద్దది అన్నావు, కానీ అది ఎంత పెద్దదో చెప్పే మనిషి అక్కడ లేడు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, 70 గేట్లు. ఒక గేటు కింద ఇంకో పడవ, అందులో ఇద్దరు మనుషుల్ని పెట్టు, చుక్కలంత ఉన్నా చాలు, స్కేల్ వెంటనే తెలుస్తుంది. వాళ్ల రంగు మాత్రం అంత దూరానికి ఆకాశం రంగులో కలిసి కాంట్రాస్ట్ తగ్గాలి, ముందున్న ఆవిడంత నల్లటి నీడ వాళ్లకి ఉండకూడదు.

మొహం క్లోజప్ వేసేటప్పుడు కెమెరా దగ్గరికి తోసెయ్యకు. లాండ్‌స్కేప్‌కి వాడిన 24 ఎంఎం లెన్సుతో దగ్గరికెళ్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి, ఇంత కష్టపడి చేసిన మొహం పాడవుతుంది. వెనక్కి జరిగి లెన్సు 85 ఎంఎం దగ్గర పెట్టుకో.

బ్రాడీపేట_బ్రష్:
అమ్మాయ్, తల వాల్చిన తీరు బాగుంది, వింటోందని నాకు తెలిసింది. ఇక గెడ చూసుకో. మొత్తం ఒకే రంగులో ఉంది. నీళ్లలో మునిగి పైకి లేచిన భాగం తడిసి ముదురుగా ఉండాలి, చేతులు పట్టుకునే చోట అరిగి నున్నగా మెరవాలి. ఆ తడి గీత ఎంత ఎత్తులో ఉందో చూసి నది లోతు జనం లెక్కగడతారు, కాబట్టి లోతు ఎంతో ముందు తేల్చుకుని గీత పెట్టు. గెడ నుంచి కారిన నీళ్లు ఆమె కుడి మోచేతి దాకా రావాలి, రవిక ఆ పక్క తడవాలి. అది చేసి మళ్లీ పెట్టు, చూస్తా.

లంకపొలం:
లోతు ఆమె భుజం దాకా అనుకుంటున్నా బాబాయ్ గారూ. దిగితే నిలబడగలదు, కానీ దిగదు. రేపు సాయంత్రానికి గెడ, రవిక, గేటు కింద పడవ చేసి పెడతా. గాలిగోపురం అన్నా, మీ దగ్గర గోచీ వెనక దోపు మోడల్ ఉంటే ఒక్కసారి స్క్రీన్‌షాట్ పెట్టరా, మడత ఏ వైపు నుంచి లోపలికి వెళ్తుందో తెలియట్లేదు.

గాలిగోపురం:
పెడతా. మా అమ్మమ్మ కట్టుకుని చూపించినప్పుడు ఆవిడని అడిగి తీసిన వీడియో ఉంది, స్క్రీన్‌షాట్ కంటే అదే నయం. ఆవిడ సరేనంటే రాత్రికి పంపిస్తా.